పది పోగయ్యేదాకా

జహీరాబాద్ టెలిగ్రాఫ్ ఆఫీసులో నేను పనిచేసిన రోజుల్లో, చాలా టెలిగ్రాంలలో నాలుగు మాటలే ఉండేవి. వాటిని పంపడంకన్నా, అవతలి ఆఫీసును పిలిచి వాళ్లు పలికేదాకా ఆగడానికే ఎక్కువసేపు పట్టేది. మా పెద్దసారు గడియారం ముందు పెట్టుకుని కొలిచి ఈ సంగతి కనిపెట్టారు. అప్పటినుంచి ఎప్పటిదప్పుడు పంపకుండా, పది పోగయ్యాక ఒక్క పిలుపుతో పంపించేవారు. అంతే సమయంలో లైను మీద రెట్టింపు టెలిగ్రాంలు పోసాగాయి. పైవాళ్లు మురిసిపోయి చుట్టుపక్కల ఆఫీసులన్నిటికీ అదే పద్ధతి పెట్టారు. అన్నిటికన్నా ముందు ఇచ్చిన టెలిగ్రాం ఎంతసేపు పడి ఉంటుందో ఆ మహానుభావుల్లో ఒక్కడూ కొలవలేదు.

సారు సొంతూరు చిన్నది. అక్కడ పది పోగయ్యేసరికి సాయంత్రమయ్యేది. ఒకరోజు ఆ ఊరినుంచి వచ్చేవాటిని సారే టకటకలు వింటూ రాసుకుంటున్నారు. మొదటిది ఆయన తమ్ముడు పొద్దున ఇచ్చింది: "అమ్మకు సీరియస్, వెంటనే రా." సారు లేవబోయారు. కానీ లైను ఆగదు గనుక మళ్లీ కూర్చుని మిగతావి రాశారు. పదోది కూడా తమ్ముడిదే: "అమ్మ పోయింది."

అన్నీ అందాక, అందినట్టు అవతలికి తిరిగి చెప్పాలి. సారు కుర్చీలోంచి లేచారు. నావైపు చూసి అన్నారు.

"జర నువ్వు చెప్పు. అన్నీ ఒక్కపారే అందినయని."