పది పుల్లల కట్ట

ఎం.ఎడ్.లో చేరేనాటికి నాకు ఒకటే కోరిక. ఇక ఈ జన్మలో చిన్నపిల్లలకి పాఠం చెప్పకూడదు.

రేపల్లె అవతల ఒక ఊళ్ళో ప్రాథమిక పాఠశాల నాది. కాపురం తెనాలిలో. పొద్దున్నే పాసింజరెక్కి రేపల్లెలో దిగడం, అక్కణ్ణించి షేర్ ఆటోలో ఇరుక్కుని బడికి చేరడం, సాయంత్రం దాకా గొంతు చించుకోవడం. రెండు గదుల్లో ఐదు తరగతులు. ఒకడి ముక్కు తుడిచేలోపు ఇంకొకడు పక్కవాడి పలక పగలగొట్టేవాడు. మొదట్లో విసుగొచ్చేది, కోపమొచ్చేది. తర్వాత అవీ రావడం మానేశాయి. పిల్లలు అల్లరి చేసినా, ఎవరైనా మెచ్చుకున్నా నాకు ఒకేలా ఉండేది. తిమ్మిరెక్కిన కాలిని ఈడ్చుకుంటూ నడిచినట్టు రోజులు నడిపాను.

అందుకే స్టడీ లీవు పెట్టి బాపట్లలో ఎం.ఎడ్.లో చేరాను. అది పాసైతే ట్రైనింగ్ కాలేజీలో లెక్చరర్ పోస్టుకి అర్హత వస్తుంది. ఫ్యాను కింద నిలబడి, చెప్పింది చెప్పినట్టు రాసుకునే పెద్దవాళ్ళకి పాఠం చెప్పుకోవచ్చు. మా ఆయన అప్పుడే "లెక్చరర్ గారూ, టిఫిన్ అయిందా?" అని ఆటపట్టించడం మొదలుపెట్టాడు. వినడానికి బాగానే ఉండేది. తెనాలి స్టేషన్లో రేపల్లె బండి వదిలేసి చీరాల వైపు వెళ్ళే బండెక్కేదాన్ని.

రెండో ఏడు మమ్మల్ని బి.ఎడ్. వాళ్ళకి పాఠాలు చెప్పమన్నారు. అందులో మైక్రో టీచింగ్ అని ఒక తంతు ఉంటుంది. ఒకరు పాఠం చెబుతారు, మిగతావాళ్ళంతా పిల్లల్లా నటించాలి. మీసాలున్నవాళ్ళు, చీరలు కట్టుకున్నవాళ్ళు బెంచీల మీద చేతులు కట్టుకుని కూర్చుని "గుడ్ మార్నింగ్ టీచర్" అని సాగదీస్తారు. ఏమడిగినా టక్కున సరైన జవాబే చెబుతారు. ఐదారు నిమిషాలకి గంట కొడతారు. అంత బుద్ధిమంతులైన పిల్లలు ఏ బళ్ళోనూ ఉండరు.

ఆ రోజు మూడో తరగతి తీసివేత నేను చెప్పి చూపించాలి. వెనక మా గైడు మేడం కూర్చుంది. రేపు లెక్చరర్ పోస్టుకి నా గురించి చెప్పాల్సింది ఆవిడే. బోర్డు మీద యాభై రెండు వేసి, దాని కింద ఇరవై ఏడు వేశాను. రెండులోంచి ఏడు పోదు కాబట్టి పక్కింటికెళ్ళి ఐదుగారిని ఒకటి అప్పడుగుదాం అన్నాను. అందరూ నవ్వారు. ఒకటి తెచ్చుకున్నాం, మన రెండు కాస్తా పన్నెండయింది. నిద్రలో లేపినా చెప్పగలను ఈ కథ.

మూడో బెంచీలో చీరాల దగ్గర మగ్గాలున్న ఇంటి అమ్మాయి ఒకామె ఉండేది. డిగ్రీ చదివింది, ఒక బిడ్డ తల్లి. ఆమెను లేపి జవాబడిగాను. మాట్లాడలేదు. నటన బాగుందని ఎవరో కిసుక్కున నవ్వారు. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఆమె బోర్డు వైపే చూస్తోంది. గైడు మేడం గడియారం చూసుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది. రాని పిల్లలా చేసింది చాలమ్మా, ఇప్పుడు వచ్చిన పిల్లలా చెయ్యి అన్నాను.

"నటించట్లేదండి," అంది నెమ్మదిగా. "పక్కింటాయన ఇచ్చింది ఒకటే కదండీ. మనింటికొచ్చేసరికి అది పదెలా అయింది?"

గంట కొట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. మా బళ్ళో కొందరికి లెక్క వచ్చేది, కొందరికి వచ్చేది కాదు. రానివాళ్ళు నోరు మెదపకుండా ఐదో తరగతి దాటి వెళ్ళిపోయేవారు.

భోజనాలయ్యాక ఆమెను వరండాలో కూర్చోబెట్టాను. పాఠంలో చూపిద్దామని తెచ్చి, టైము చాలదని బయటికి తియ్యని చీపురుపుల్లలు నా సంచిలో ఉన్నాయి. పదేసి చొప్పున కట్టి రబ్బరు బ్యాండ్లు వేసినవి. ఐదు కట్టలు, రెండు విడిపుల్లలు ఆమె ముందు పెట్టి, ఏడు పుల్లలిమ్మన్నాను. రెండూ ఇచ్చి ఆగింది. తర్వాత ఒక కట్ట చేతిలోకి తీసుకుని రబ్బరు బ్యాండు లాగేసింది. పుల్లలు ఒళ్ళో పడ్డాయి. వాటిలో ఐదు ఒక్కొక్కటే ఎంచి నా చేతిలో పెట్టింది.

"ఇంతేనా అండి?" అంది. విప్పిన రబ్బరు బ్యాండు వేలికి చుట్టుకుంటూ, "దీనికా నేను లెక్కలంటే పారిపోయింది? మా నాన్న ఇంజినీరింగు చదివిస్తానంటే నాకంత బుర్ర లేదని చెప్పానండి," అంది.

ఏడ్చింది. నాకు ఏడుపూ రాలేదు, జాలీ రాలేదు. ఓదార్చాలని తెలుసు, చెయ్యి లేవలేదు. కింద పడ్డ పుల్లలేరి మళ్ళీ కట్ట కట్టాను. సాయంత్రం బండిలో తెనాలి దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, ఏం చూశానో గుర్తులేదు.

తర్వాత చదువు మామూలుగానే సాగింది. పరీక్షలు రాశాను, పాసయ్యాను. లెక్చరర్ అని ఎవరైనా అంటే మాత్రం ఇంకెవరి గురించో అంటున్నట్టుండేది. నాకేదో జ్ఞానోదయమైందని కాదు. పిల్లలంటే కొత్తగా ప్రేమ కూడా పుట్టలేదు. ఆ ప్రశ్న ఎనిమిదేళ్ళప్పుడు రావాలి, అప్పుడు ఎదురుగా ఎవరో ఒకరు పుల్లలు పట్టుకుని కూర్చోవాలి. పెళ్ళై బిడ్డ పుట్టాక కాలేజీలో జవాబు దొరికితే ఏం చేసుకుంటుంది ఆమె? రాత్రీ పగలూ నా బుర్రలో తిరిగింది ఇదొక్కటే.

లీవు అయిపోయి బళ్ళో చేరిన కొన్నాళ్ళకి లెక్చరర్ పోస్టు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మా ఆయన ఇస్త్రీ చేయించి తెచ్చిన చీర బీరువాలోనే ఉంచి, ఇంటర్వ్యూ రోజు పొద్దున రేపల్లె బండెక్కాను. ప్రార్థన అయ్యాక గైడు మేడం ఫోను చేసింది.

"ఎక్కడున్నావమ్మా? ఇక్కడ నీ పేరు పిలుస్తున్నారు. ఏమని చెప్పను?"

"మూడో తరగతికి ఇవాళ తీసివేతలు మొదలుపెడుతున్నానండి," అన్నాను.

ఆవిడ ఇంకేం అడగకుండా పెట్టేసింది. అలాంటి పోస్టు మళ్ళీ నా దాకా రాదని తెలుసు. బాధ వెయ్యలేదు, గర్వంగానూ లేదు.

పిల్లల్ని నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి పుల్లల కట్ట పైకెత్తి చూపించాను. ఒక పిల్ల చెయ్యెత్తింది. ఆ ప్రశ్నే అడుగుతుందేమోనని కట్ట దించి దాని వైపు తిరిగాను. ఒంటికెళ్ళొస్తా టీచర్ అంది. సరే వెళ్ళమన్నాను. మిగతావాళ్ళు విప్పండి టీచర్, విప్పండి టీచర్ అని ఒకటే గోల. ఆ పిల్ల తిరిగొచ్చి కూర్చునేదాకా కట్ట విప్పలేదు.