పదో నంబరు రాడ్డు

దొరాందో మలవాసికి ఇంజన్ తప్ప ఇంకో లోకం లేదని ఇటలీలో, మొదెనా ఊళ్లో ఆ వీధి వీధంతా అనేది. అబద్ధం. నోరీనా అనే లోకం ఒకటుండేది. భార్య గురించి బయట మాట్లాడ్డం ఆయనకు చేతకాదు, అంతే.

ఊరి చివర బెర్గోన్సోని వాళ్ల కార్ఖానా. నలభై మంది మనుషులు, ఏడాదికి ఎనభై తొంభై కార్లు. ఆ కార్లు కొనేవాళ్లెవరూ ఆ వీధిలో ఉండరు. ఇంజన్ మాత్రం ఆ వీధివాళ్ల చేతుల్లోనే పుడుతుంది. అటు ఆరు, ఇటు ఆరు, మొత్తం పన్నెండు సిలిండర్లు. నాలుగున్నర లీటర్లకు కాస్త తక్కువ. ఆరు జంట కార్బురేటర్లు, నాలుగు క్యామ్ షాఫ్టులు, నిమిషానికి ఏడువేల ఆరువందల చుట్లు, మూడువందల ఎనభై గుర్రాల బలం. దీన్ని మొదటి బోల్టు నుంచి చివరి మూత దాకా ఒక్కడే కూర్చాలి. ఒక ఇంజనుకు ఒక మనిషి, ఇంకొకడు చెయ్యి పెట్టకూడదు. పని అయ్యాక తన పేరులోని రెండక్షరాల ఉక్కు అచ్చును దాని ఒంటి మీద సుత్తితో కొడతాడు. ముప్పై ఏళ్లలో దొరాందో అచ్చు పడిన ఇంజన్లు మూడువందల పైమాటే.

ఆ ఇంజనుకు జబ్బులు లేవని కాదు. మిలానో ట్రాఫిక్‌లో పావుగంట నిలబెడితే చాలు, ప్లగ్గులు మసిబారి దగ్గుతుంది. కార్బురేటర్లు ఆరూ ఒక మాట మీద ఉండవు, నెలకోసారి చెవి పెట్టి విని సర్దాలి. వాల్వు గైడ్లు అరిగాయా, వెనక నీలం పొగ. అన్నిటికంటే పెద్ద జబ్బు మాత్రం ఇంజన్లో ఉండదు, స్టీరింగ్ ముందు కూర్చుంటుంది. లోపల పద్నాలుగు లీటర్ల నూనె వేడెక్కాలంటే పది నిమిషాలు పడుతుంది. డబ్బున్న మారాజులకు ఆ పది నిమిషాలే ఉండవు. ఒకసారి ఒక పళ్ల డాక్టరు బేరింగులు కాల్చుకుని వచ్చి, ఇంజన్ నాసిరకం అని నోరు పారేసుకున్నాడు.

"అయ్యా, పొద్దున్నే మంచం మీంచి లాగి నిన్ను కొండ మీదికి పరిగెత్తమంటే పరిగెత్తుతావా?" అన్నాడు దొరాందో.

"నేను మనిషిని."

"అదీ నీకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. కాసేపు కాఫీ తాగు, దాని ఒళ్లు వేడెక్కనీ."

డాక్టరు ముఖం మాడిపోయింది. కార్ఖానా మొత్తం పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

అన్ని జబ్బులున్న ఆ ఇంజన్లో ఎన్నడూ మాట పడనివి రాడ్లు. పిస్టన్నూ క్రాంకునూ కలిపే పన్నెండు ఉక్కు చేతులవి. ఒక్కోదానికి రెండు బోల్టులు. నట్టు బిగిస్తున్నకొద్దీ బోల్టు సాగుతుంది. రెండు వెంట్రుకల మందం సాగాలి. తగ్గితే పరుగులో వదులై ఒకనాడు తెగుతుంది, మించితే పుట్టుకతోనే అలిసిపోతుంది. అందుకే బిగించడం, మైక్రోమీటరు పెట్టి కొలవడం, కొలత సరిపోయాకే నట్టు మీద ఎర్ర లక్క రంగు చుక్క పెట్టడం. ఎర్ర చుక్క పడిందంటే అది ముగిసిన పని. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు.

దొరాందో లెక్క వేరు. ముందు రెండు నట్లకూ లక్క పూసి, ఆ తడి మీద బిగించి, ఆ తర్వాత కొలిచేవాడు. "ఆరిన ఇనుము మీద పూస్తే ముఖానికి పౌడరు రాసినట్టేరా. తడి మీద బిగిస్తే మరల్లోకి దిగి పట్టుకుంటుంది" అనేవాడు. ఇంజనీరు బాస్సోలీ రెండుసార్లు చెప్పి చూశాడు. "నా చేతికి వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు ఇంజనీరు గారూ" అని దొరాందో కొట్టిపారేశాడు. మూడువందల ఇంజన్లు కట్టినవాడికి ఎవరు చెబుతారు?

డెబ్బై ఒకటి నవంబరులో, మంచు కమ్మి ఎదుటి గోడ కూడా కనబడని ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకు పోయారు. దొరాందో తన బల్ల దగ్గర రాడ్లు బిగిస్తున్నాడు. పక్క బల్ల మీద లోరిస్ రొట్టె తింటున్నాడు. పదేళ్లు చిన్నవాడు, దొరాందో చేతికింద పని నేర్చుకుని సొంత అచ్చు సంపాదించినవాడు. అప్పుడు ఆఫీసులో ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. నోరీనా సాసేజీలు కట్టే పనిలో ఉండగా కుప్పకూలిందట, గుండె అట.

దొరాందో చేతిలోది బల్ల మీద పడేశాడు. ఆ ఇంజన్ మర్నాడు పొద్దున్నే పరీక్ష గదిలో ఉండాలి. సగంలో ఆపితే రాడ్లన్నీ విప్పి మళ్లీ మొదటినుంచీ కట్టాలన్నది నియమం.

"నువ్వు వెళ్లన్నా" అన్నాడు లోరిస్ రొట్టె పక్కన పెట్టేసి. "ఇంకా నిలబడి చూస్తావేంటి? మిగిలినవి నేను చూసుకుంటా."

"నీ చెయ్యి పడకూడదు కదరా."

"ఎవరు చూడొచ్చారు? వెళ్లు మహానుభావా, వెళ్లు! వదిన దగ్గరికి పో."

వెళ్లాడు. నోరీనా మెలకువగానే ఉంది. ఆయన్ని చూసి, పాలిపోయిన పెదాలతోనే నవ్వింది.

"పని మధ్యలో వదిలేసి వచ్చావా? ఒంట్లో బాగానే ఉందా నీకు?"

"ఊరికే మాట్లాడకు, ఆయాసం వస్తుంది."

"ముప్పై ఏళ్లు నువ్వు మాట్లాడలేదు, నేనూ మాట్లాడకపోతే ఇల్లెలా సాగేదయ్యా?"

మూడు గంటలు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో పట్టపగలు అంతసేపు ఆమె పక్కన కూర్చోవడం అదే మొదలు. ఐదింటికి ఆమె కన్నుమూసింది.

నాలుగో రోజు పనికి వచ్చేసరికి ఇంజన్ పరీక్ష గదిలో ఎనిమిది గంటలు తిరిగి, ఏ వంకా లేకుండా బయటికి వచ్చి ఉంది. "పూర్తి చేశావా?" అని అడిగాడు. "పూర్తయిందన్నా" అన్నాడు లోరిస్. దొరాందో సుత్తి తీసుకుని తన అచ్చు కొట్టాడు. ఆ సంగతి వాళ్లిద్దరూ మళ్లీ ఎత్తలేదు.

ఆ ఇంజన్ కార్ఖానా సొంత కారుకే వేశారు. కొనేవాళ్లకు చూపించడానికి టెల్మో దాన్ని నడిపేవాడు. ముప్పై రెండేళ్లవాడు, చలాకీ మనిషి. భార్య జెలిందా అదే కార్ఖానాలో సీట్ల తోలు కుట్టేది. మే నెలలో ఒక పొద్దున పావుల్లో అనే ఊరి కొండదారి మీద, ఏడువేల చుట్ల దగ్గర, రాడ్డు తెగి ఇంజన్ పొట్ట చీల్చుకుని బయటికొచ్చింది. పద్నాలుగు లీటర్ల మరిగే నూనె వెనక చక్రాల మీద పడింది. కారు లోయలోకి జారింది. టెల్మో అక్కడికక్కడే పోయాడు.

విరిగి వచ్చిన ఇంజన్ను దాన్ని కట్టినవాడే విప్పాలి. అందరూ పని ఆపి చుట్టూ నిలబడతారు. ఎప్పటినుంచో అదే కట్టుబాటు. జూన్ మొదటి సోమవారం దొరాందో విప్పాడు. ముందు వరసలో ఇంజనీరు బాస్సోలీ. అతని పక్కన నల్ల బట్టల్లో జెలిందా. వద్దమ్మా అని చెప్పినా వినలేదు.

అడుగు మూత తీయగానే తెలిసిపోయింది. పదో నంబరు రాడ్డు. బోల్టు మెడ దగ్గర తెగింది. తెగిన చోట సగం నున్నగా అరిగి ఉంది. వదులుగా ఉన్న బోల్టు నెలల తరబడి కొంచెం కొంచెం తెగితే వచ్చే నునుపది. నట్టు మీద ఎర్ర లక్క అలాగే ఉంది.

తొమ్మిది దాకా దొరాందో తనే బిగించాడు. ఫోను వచ్చింది. పది నుంచి లోరిస్. తలెత్తి చూశాడు. వెనక వరసలో లోరిస్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. పెదవులు ఊరికే కదుపుతున్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి. ఆ మధ్యాహ్నం వాడు ఆ రొట్టె ముక్క పక్కన పెట్టకపోయుంటే నోరీనా ఒంటరిగా పోయేది. ఆ మూడు గంటలు వాడి దానం. దొరాందోకు ఇంకేమీ ఆలోచించాల్సిన పని కనబడలేదు.

"నాదే" అన్నాడు. "సరిగా బిగించలేదు. తప్పు నాది."

జెలిందా దగ్గరికొచ్చి ఆ తెగిన బోల్టును చూసింది.

"మీ చేతి ఇంజన్ అంటే మా ఆయన నిశ్చింతగా ఎక్కేవాడు" అంది. ఏడవలేదు. వెళ్లిపోయింది.

దొరాందో తన అచ్చు తెచ్చి బాస్సోలీ బల్ల మీద పెట్టాడు. మర్నాటి నుంచి సామాన్ల గదిలో పని. అడిగినవాళ్లకు గాస్కెట్లు, బేరింగులు అందివ్వడం. కాఫీ కొట్టులోకి ఆయన వస్తే మాటలు ఆగిపోయేవి. ఆయన మాత్రం అందరూ అనుకున్నంత కుంగిపోలేదు. లోపల ఒక ఊరట ఉండేది. నా చెయ్యి తప్పు చెయ్యలేదు, ఒకరి మేలు మరిచిపోలేదు, నోరీనా చూస్తే మెచ్చుకునేది అనుకునేవాడు. జెలిందా ఎదురైతే తల దించుకునేవాడు. ఆ దించుకోవడంలో కూడా, చెప్పాలంటే, కాస్త గర్వం ఉండేది. లోరిస్ మాత్రం ముఖం చాటేసి తిరిగేవాడు. పాపం, సిగ్గుతో చచ్చిపోతున్నాడనుకున్నాడు దొరాందో.

అక్టోబరులో లోరిస్ సామాన్ల గదికి వచ్చాడు. బొలోన్యాలో వేరే పని దొరికిందట, వెళ్లిపోతున్నాడట. చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"వెళ్లరా, సుఖంగా వెళ్లు" అన్నాడు దొరాందో. "ఇకనైనా తలెత్తుకుని తిరుగు. నేనేం మనసులో పెట్టుకోలేదు. వదిన దగ్గరికి పంపావు చూడు, దానికీ దీనికీ చెల్లు."

"దేనికి చెల్లు?"

"పదో రాడ్డుకురా! ఇంకా దాచడమెందుకు? ఇక్కడ మనిద్దరమేగా."

లోరిస్ తల అడ్డంగా ఊపాడు.

"పదిని నేను ముట్టుకోలేదన్నా."

"ఏంటీ?"

"దాని మీద ఎర్ర రంగుంది. రెండు నట్ల మీదా. ఎర్ర రంగుంటే ముట్టుకోవద్దని నేర్పిందే నువ్వు. పదకొండు, పన్నెండు బిగించి, కొలిచి, మూత వేశా."

దొరాందో కుర్చీ చేతిని పట్టుకున్నాడు. ఫోను మోగినప్పుడు బల్ల మీద పడేసింది పానా కాదు. కుంచె. పదో రాడ్డుకు రంగు పూశాడు. నట్లు అంతకుముందే కాస్త పట్టించాడు, కొలత దాకా ఇంకా బిగించలేదు. ఏడాది నుంచీ ఆ మధ్యాహ్నంలో నోరీనాను తప్ప దేన్నీ తలుచుకోలేదు.

"మరి ఆ రోజు నీ ముఖం ఎందుకలా పాలిపోయింది?" అని అడిగాడు దొరాందో.

"నువ్వు ఒప్పుకోకపోతే నేనే చెప్పాల్సొస్తుందేమోనని. ముందు రంగు పూసే అలవాటు నీదేనని అందరికీ తెలుసు కదా. ఆ గాభరాలో నాకే తట్టలేదు. నా నోటితో నిన్నెలా అనను? నువ్వేమో అడక్కముందే 'నాదే' అన్నావు. ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పి ఏడ్చానన్నా. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నానని చెప్పా. నీకా గతి పట్టాక ఎదురుపడలేకపోయా." లోరిస్ కళ్లు తుడుచుకున్నాడు. "నీకు తెలుసనుకున్నా."

లోరిస్ ఎప్పుడు వెళ్లాడో దొరాందోకు తెలియలేదు. కాసేపటికి లేచి, గోడ పట్టుకుని నడిచి, తోలు కుట్టే గది గుమ్మం దగ్గర ఆగాడు. జెలిందా మిషను ఆపి తలెత్తింది.

"ఏం కావాలి దొరాందో గారూ?"

"టెల్మో..." అన్నాడు. "అమ్మా, టెల్మోను చంపింది నేనే. తప్పు నాది. నిజంగా నాదే."

"తెలుసండీ. జూన్లోనే చెప్పారుగా" అని జెలిందా మళ్లీ మిషను మీదికి వంగింది.