ఇత్తడి మూత కింద దీపం

నిన్న మా మనవరాలు ప్లేనో నుంచి వస్తూ నాకోసం బ్యాటరీ కొవ్వొత్తులు తెచ్చింది. "అమ్మమ్మా, ఫైర్ లేదు కదా, సేఫ్! ఆఫ్ చేయడం మర్చిపోయినా ఏం కాదు" అంటూ కిటికీలో వరసగా పెట్టింది. మర్చిపోయినా ఏం కాదట! నాకు నవ్వాగలేదు, ఎందుకంటే ఒకప్పుడు ఇదే నేపర్‌విల్ ఊళ్లో ఒక్క కొవ్వొత్తి ఆర్పనందుకు మా ఇంటి ముందుకు ఫైరింజన్ వచ్చింది.

అప్పట్లో నేను హాస్పిటల్ ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసేదాన్ని. పొద్దున్నే మావారు దింపడం, సాయంత్రం ఎక్కించుకోవడం, అలా మహారాణీ వైభోగం సాగుతుండగా కంపెనీ ఆయన్ని టెక్సస్ ప్రాజెక్టులో పడేసింది. ఇక శనాదివారాలే మొగుడు. "డ్రైవింగ్ నేర్చుకో, లేదంటే జాబ్ మానెయ్" అని తేల్చి చెప్పి విమానమెక్కారు. ల్యాబ్‌లో తోటి అమ్మాయి వసంతం దాకా తన కార్లో తీసుకెళ్తానంది, ఆ తర్వాత ఆమె ఊరు మారిపోతోంది. ఉద్యోగమంటే నాకు ప్రాణం, ఈ దేశంలో నాకంటూ ఉన్నది అదొక్కటే. కానీ స్టీరింగ్ ముందు కూర్చుంటే చాలు, కాళ్లూ చేతులూ చల్లబడేవి. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం, కార్లో ఆంజనేయస్వామిని పెట్టాం, అయినా భయం పోలేదు. టెస్టు తప్పి మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్న రోజున పక్కింటావిడ నన్ను తన ఇంట్లోకి పిలిచింది.

స్కూల్లో లైబ్రరీ చూసుకునే ఒంటరి మనిషి ఆవిడ. తాను విక్కన్ మతస్థురాలినని, ప్రకృతినే దేవతగా కొలుస్తామని, ఋతువులు మారే వేళలకు ఏడాదిలో ఎనిమిది పండగలు చేసుకుంటామని చెప్పింది. ఈ సంగతి ఫోన్‌లో వినగానే మావారు, "జాగ్రత్త, చేతబడి చేసి నిన్ను పిల్లిని చేస్తుంది" అని ఆటపట్టించారు. నాకూ కాస్త గుబులుగానే ఉండేది గాని, ఓ పండగనాడు వెళ్లి చూద్దును కదా, బల్ల మీద పళ్లు, ఎండుటాకులు, గిన్నెలో నీళ్లు, మధ్యలో దీపం! ఆకులు రాలే కాలం చివర, పోయినవాళ్ల కోసం ఒక కంచం వడ్డిస్తారని తెలిశాక ఇంకేం భయం, మన పెద్దల అమావాస్యే కదా అనుకున్నాను.

మంచు కింద విత్తనం కదిలే వేళ అంటూ ఫిబ్రవరిలో వాళ్లకో కొవ్వొత్తుల పండగ ఉంది. ఆ రోజు ఆవిడ నా చేతికొక తెల్ల కొవ్వొత్తి ఇచ్చి, రోజూ వెలిగించి దాని ముందు కూర్చోమంది, ఊపిరి నెమ్మదించాక నీలో ఏం మారాలో అదొక్కటే తలుచుకో, లోకం మారాలని మాత్రం అడగకు అంది. చివర్లో ఆర్పి లేవాలంది. అక్కడే వచ్చింది చిక్కు. దీపాన్ని చేతులారా ఆర్పడమా, శివశివా! దీపం కొండెక్కింది అనాలే తప్ప ఆరిందన్న మాట మా అమ్మ నోటితో అననిచ్చేది కాదు. అందుకని, అదే కొండెక్కుతుందిలే అని కిటికీలో వెలుగుతుండగానే వదిలేసి వంటింట్లో పప్పుకు పోపు పెట్టుకుంటున్నాను. ఇంతలో కర్టెన్ అంటుకుని పొగ, అలారం, వీధి వీధంతా బయటికి వచ్చేలా ఫైరింజన్!

కర్టెన్‌తో పోయింది, అదృష్టం. పక్కింటావిడ పొడుగాటి పిడి ఉన్న చిన్న ఇత్తడి మూత తెచ్చి చూపించింది. దీపాన్ని వాళ్లూ నోటితో ఊదరట, దండం పెట్టుకుని మూత బోర్లిస్తారట. వెలిగించినంత శ్రద్ధగా ఆపడమూ నేర్చుకోవాలంటూ నా చేతే ఆ మూత బోర్లింపజేసింది. నా భయమేమిటో అప్పుడు గాని నాకే తెలియలేదు. బండి నడపడానికి కాదు నేను వణికింది, సమయానికి ఆపలేనేమోనని! అప్పట్నుంచి రోజూ వెలిగించాను, రోజూ నా చేత్తోనే ఆపాను. ఆదివారాలు ఆవిడ పక్కన కూర్చుంటే, ఖాళీ పార్కింగ్ లాట్‌లో బ్రేక్ వేయడమే పనిగా నేర్చుకున్నాను. పగలూ రాత్రీ సమానమయ్యే వాళ్ల వసంత పండగ నాటికి లైసెన్స్ చేతికొచ్చింది. ఎంత పొంగిపోయానో! పులిహోర చేసి, పక్కింటికే అయినా కారేసుకుని మరీ వెళ్లాను.

ఇప్పుడావిడ వృద్ధుల హోమ్‌లో ఉంది. గదిలో ఆక్సిజన్ ఉంది కాబట్టి నిప్పు పనికిరాదు. ఇవాళ ఏడాదిలోకెల్లా పొడుగు రాత్రి, వాళ్లకు పండగ. మనవరాలి కొవ్వొత్తి ఒకటి తీసుకుని నేనే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. ఇద్దరం కాసేపు దాని ముందు కూర్చున్నాం. చివర్లో ఆవిడ పాత అలవాటు కొద్దీ, మంచం పక్కనే ఉంచుకున్న ఇత్తడి మూత బోర్లించింది. తీసి చూస్తే వెలుగుతూనే ఉంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం, ఆ తర్వాత నాకెందుకో కళ్లు నిండాయి. అడుగున స్విచ్ ఉందని చెప్పబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు దీపాలు ఆర్పక్కర్లేదు, కార్లు కూడా వాటంతటవే ఆగుతాయట. మా మనవరాలికి ఆపడం నేర్చుకోవలసిన అవసరమే లేదు. నాకు ఆపడం నేర్పిన మనిషి అక్కడ నా చేయి పట్టుకుని ఉంటే, వెళ్లొస్తానని లేవడం మాత్రం ఇవాళ నాకు చేతకాలేదు.