మనుబోతు మాట

అనుమానం ముందు పుట్టి తర్వాత నేను పుట్టానని మా అమ్మ అంటుంది. నిజమే. బైకు మీంచి పడి అక్క చెయ్యి విరిగినప్పుడు, "చెరుకుతోట్లకెల్లి మనుబోతు అడ్డమొచ్చింది" అని బావ చెప్పిన మాటను నేను ఒక్క క్షణం కూడా నమ్మలేదు.

బావ టెంపో నడుపుతాడు. ఏడాది కిందటిదాకా బాగా తాగేవాడు. మేముండే ఈ గుజరాత్‌లో మందు బంద్ అని అందరికీ తెలుసు, దొరికే చోటు కూడా అందరికీ తెలుసు. మానేశానని అక్క మీద ఒట్టు వేశాడు. కుక్క తోక వంకర పోతుందా అనుకున్నాను. సాయంత్రం జోల్వాలో అక్కను పనిలోంచి ఎక్కించుకుని డిండోలిలో ఇంటికి వస్తుంటే, అదీ ఖాళీ రోడ్డు మీద, గుర్రమంత జంతువు వచ్చిందట! అక్కనడిగితే తనేమీ చూడలేదంది. ఇక్కడి ఆడవాళ్లందరిలాగే ముఖానికి చున్నీ చుట్టుకుని, దుమ్ము పడకుండా బావ వీపు వెనక తల దాచుకుందట. అంటే సాక్షి ఆయనొక్కడే. నాకు ఇంకేం కావాలి?

అక్కను మా ఇంట్లోనే ఉంచేసుకుందామని అమ్మతో చెప్పాను. ఆదివారం కులపెద్దలను పిలిచి తెగతెంపులు చేద్దామన్నాను. అక్క ఏమీ అనలేదు. అంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

శనివారం పొద్దున మగ్గాల కార్ఖానాలో నైట్ పాళీ దిగగానే బావను రమ్మన్నాను. "ఏడ పడ్డరో సూపియ్యి బావా." బండి నేను నడిపాను, ఆయన్ను వెనక కూర్చోబెట్టాను. అబద్ధం చెప్పేవాడు చోటు చూపించడానికి తడబడతాడని నా లెక్క. ఆయన తడబడలేదు.

"గీడ్నే. జర మెల్లగ పోనియ్యి" అన్నాడు నా చెవి దగ్గరికి వంగి.

మెల్లగానే వెళ్లాను, ఆయన మాట మీద కాదు, రోడ్డు మీద బండి జారిన గీతలు వెతకడానికి. అప్పుడే చెరుకులోంచి ఒక మనుబోతు వచ్చి అడ్డంగా దాటింది. బ్రేకు వేశాను. మరుక్షణమే ఇంకో అనుమానం: ఇవాళ వచ్చినంత మాత్రాన ఆ సాయంత్రం వచ్చినట్టా?

మగ్గం మీద తెగిన పోగు ముడేసిన వెంటనే మగ్గం నడిపిస్తాం, చూస్తూ నిలబడం. అదే అలవాటున, అది దాటగానే గేరు వేసి ఎక్సలేటర్ ఇచ్చాను. వెనక బావ ఆగమని అరుస్తున్నాడట. పన్నెండు గంటలు మగ్గాల మధ్య నిలబడ్డ చెవులకు ఇంకో గంటదాకా చెవి దగ్గర చెబితే తప్ప ఏదీ వినబడదు. రెండో మనుబోతు బండి ముందుకే దూకింది. బావ ముందుకు వంగి తాళంచెవి తిప్పేశాడు. బండి రోడ్డు దిగి మట్టిలో ఒరిగింది. మాకేం కాలేదు. మూడోది, నాలుగోది మా ముందు నుంచే తీరిగ్గా వెళ్లాయి.

"ఒకటి దాటిందంటె ఎన్క మంద ఉంటది బామ్మర్దీ. అన్నీ పొయ్యేదాక ఆగాలె. ఆ పొద్దు నేను గూడ గిదే తప్పు జేసిన" అన్నాడు బట్టలు దులుపుకుంటూ.

సిగ్గుతో ఇంటికెళ్లాను. బావ చెప్పింది నిజమేనని, పంచాయితీ వద్దని అక్కతో చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. అక్క అప్పటికే ఒంటి చేత్తో తన బట్టలు సంచిలో కుక్కుకుంటోంది.

"నువ్వు చెప్పకున్నా నేను ఆయన దగ్గర్కే పోతుంటి తమ్మీ" అంది. "ఆ పొద్దు దవాఖానకు ఉరికొచ్చి నువ్వు ముందుగాల ఆయన నోరు వాసన జూసినవ్. ఆ తర్వాత నా చెయ్యి సంగతి అడిగినవ్."