విమానాశ్రయంలో ఒడిబియ్యం

ఆ రోజు విమానం ఎందుకు ఆగిందో మాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. "భద్రతా కారణాల వల్ల ఆలస్యం" అని మైకులో ఒక ఆడగొంతు మూడు భాషల్లో పలికింది. మూడింటిలోనూ ఏమీ చెప్పలేదు. నేను లేచి కౌంటరు దగ్గరికి వెళ్లాను.

"కారణమేందమ్మా?"

"సెక్యూరిటీ కారణాలు సర్."

"అదే, సెక్యూరిటీకి ఏమొచ్చింది?"

"సెక్యూరిటీ వల్లే సర్."

ఆ పిల్ల నవ్వు ఇసుమంతైనా చెదరలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కరీంనగర్ బస్టాండులో బస్సు రాకపోతే కండక్టరు "టైరు పంచరైంది, నన్నేం జెయ్యమంటవ్?" అని మన మీదికే ఎగురుతాడు. తిడితే తిట్టాడు గానీ, సంగతేమిటో తెలుస్తుంది. ఇక్కడ మర్యాదకు లోటు లేదు, మాటకే కరువు.

మేం ముగ్గురం ఉన్నాం. నేను, మా ఆవిడ, మా అక్క. అక్క వాళ్లు సూరత్‌లో ఉంటారు. బావ అక్కడ మరమగ్గాల మీద పనిచేస్తాడు. వాళ్ల గల్లీ అంతా మన వైపు నుంచి పోయిన నేతపనివాళ్లే. అక్క తల్లిగారింటికి వచ్చి ఒడిబియ్యం పోయించుకుంది. ఆమెను సూరత్‌లో దిగబెట్టి రావడానికి మేమిద్దరం వెంట బయల్దేరాం.

పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవికగుడ్డ ఆడబిడ్డ ఒళ్లో పోసి, మూటగట్టి సాగనంపడం మా దగ్గర ఆనవాయితీ. ఆ మూటను దారిలో నేల మీద పెట్టకూడదు. ముడి విప్పకూడదు. ఇంటికి చేరాక దేవుడి ముందు విప్పి, ఆ బియ్యం వండి, వాడకట్టు ఆడవాళ్లను పిలిచి పెట్టాలి.

ఇదివరకు మా అవ్వ, అంటే అమ్మ, పోసేది. అవ్వ పోయాక ఇదే మొదటి ఒడి. మా ఆవిడ పోసింది. ఆమెది ఆదిలాబాద్, మహారాష్ట్ర పొలిమేర. మాటల్లో మరాఠీ దొర్లుతుంటుంది. "మీ మరాఠోళ్లకు మా పద్ధతులేం తెలుస్తయే" అని అక్క మా పెళ్లయిన నాటి నుంచీ దెప్పుతూనే ఉంది. అయినా ఈసారి మాత్రం కిక్కురుమనకుండా ఒడి పట్టింది. ఎందుకంటే సూరత్ గల్లీలో ఒకామె, "మీ అవ్వ పాయె, ఇంగ నీకు తల్లిగారిల్లేడిది?" అన్నదట. ఆ మాట అక్క గుండెలో ముల్లులా దిగింది. ఇంటికి చేరిన మర్నాటికి గల్లీ ఆడవాళ్లందరినీ భోజనానికి పిలిచి పెట్టింది. వాళ్ల ముందు ముడి విప్పి చూపించాలని ఆమె పంతం.

"గీ మూట సక్కగ చేరితేనే నాకు తల్లిగారిల్లు ఉన్నట్టు తమ్మీ" అంది నాతో, కారు ఎక్కేటప్పుడు.

సామానులో వేస్తే కింద పడేస్తారని మూటను చేత్తోనే తెచ్చింది. మొదటి తనిఖీలో మిషను దాన్ని ఏమీ అనలేదు. ఇప్పుడేమో విమానం కదలదు, మూట ఒళ్లోంచి దిగదు. నేల మీద పెట్టరాదు గనుక అక్క బాత్రూముకు కూడా వెళ్లకుండా బిగబట్టుకుని కూర్చుంది.

"నాకియ్యక్కా, పట్టుకుంట" అన్నాను.

"నీకిస్తే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. కుడుకలు మిగుల్తయా?"

చివరికి తట్టుకోలేక మా ఆవిడ ఒళ్లో పెట్టి పరుగెత్తింది.

చుట్టూ జనం తలా ఒక కారణం వండుతున్నారు. బాంబన్నాడొకాయన. మంత్రి వస్తున్నాడన్నాడు ఇంకొకాయన. రన్‌వే మీద కుక్క పడుకుందని మూడో ఆయన, తానే జోకొట్టి వచ్చినంత నమ్మకంగా చెప్పాడు. నేను మంత్రి పక్షం వహించి గట్టిగా వాదించాను. అంతలో మైకు మళ్లీ పలికింది. అందరూ గేటు వదిలి వెనక్కి వెళ్లాలట, ప్రతి సంచీ విప్పి చూస్తారట.

అక్క పరుగున వచ్చి మా ఆవిడ ఒళ్లోంచి మూట లాక్కుంది.

ఆడవాళ్ల వరసలో తనిఖీ చేసే కానిస్టేబులమ్మ మూట మీద చెయ్యి వేసింది. అక్క దాన్ని రెండు చేతులా పొట్టకు అదుముకుంది.

"పాణం బోయినా ఇప్ప. గిది నా ఒడి."

ఆమెకు తెలుగు రాదు. వెనక వరస గొణుగుతోంది. నేను అడ్డం పడి నా హిందీతో వ్యవహారాన్ని మరింత చెడగొట్టాను. అప్పుడు మా ఆవిడ నన్ను పక్కకు నెట్టి ముందుకు వచ్చింది.

"తాయీ, హీ మాహేరచీ ఓటీ ఆహే."

అక్కయ్యా, ఇది పుట్టింటి ఒడి అని చెప్పింది. కానిస్టేబులమ్మ ఒక్క క్షణం ఆగింది. ఆమెదీ మరాఠీ దేశమే. చేతి తొడుగులు తీసింది. మూటను కళ్లకద్దుకుంది. అద్దుకుని, శుభ్రంగా ముడి విప్పేసింది! ఉద్యోగం ఉద్యోగమే కదా. బియ్యం సగం ట్రేలోకి జారింది. కుడుకలు ఐదూ తీసి పక్కన పెట్టింది. ఎండుకొబ్బరిలో నూనె ఉంటుంది, మంట అంటుకుంటుందని విమానంలో పోనివ్వరట.

అక్క కుర్చీలో కూలబడింది. ఏడవలేదు, అందుకే నాకు భయమేసింది.

"ముడి ఇప్పినంక ఒడేంది? కిరాణం సామాన్లు" అంది.

"మల్ల పోస్త వదినె, లెవ్వు" అంది మా ఆవిడ.

"గీడనా? ఒడి తల్లిగారింట్లనే పొయ్యాలె."

"నేనున్న. నీ తమ్ముడున్నడు. తల్లిగారిల్లంటే గోడలా వదినె?"

అక్క లేచి ఒడి పట్టడానికి కొంగు సవరించుకుంది. మా ఆవిడ నా వైపు తిరిగి, "మీరు గట్ల నిలబడకుండ్రి, తూర్పెటో చూడుండ్రి" అంది.

నేను తుపాకీ పట్టుకున్న జవాను దగ్గరికి వెళ్లి, "సాబ్, పూరబ్ కిధర్ హై?" అన్నాను. భద్రత అంటూ విమానాలు ఆపేసిన పూట, దిక్కులు అడిగే మనిషిని ఎవరైనా ఎట్లా చూస్తారో అట్లాగే చూశాడు. టికెట్టు అడిగాడు, ఆధార్ అడిగాడు, బాపు పేరు అడిగాడు. తూర్పు చూపించడానికి మా బాపుతో ఏం పనో! అన్నీ అయ్యాక మరుగుదొడ్ల వైపు చెయ్యి చూపించాడు. తూర్పు అటేనట.

అక్కను అటు తిప్పి కూర్చోబెట్టాం. మా ఆవిడ సంచీలోంచి కుంకుమ భరిణె తీసి బొట్టు పెట్టి, దోసిలితో బియ్యం పోసింది. ఒడి ఒక్కరే పోస్తే సరిపోదు, మిగతా ముత్తయిదువలు ఏరీ? పని లేక మమ్మల్నే చూస్తున్న గుజరాతీ పెద్దావిడ ముందుగా లేచింది. సంగతి విని, కుడుకలు లేని లోటుకు తన సంచీలోంచి కరకరలాడే గోధుమ రొట్టెలు, ఖాక్రాల పొట్లం తీసి ఒళ్లో వేసింది. జీన్సు ప్యాంటు పిల్ల "నేను కూడా పోయొచ్చా ఆంటీ?" అని వచ్చి బియ్యంతో పాటు చాక్లెట్టు పెట్టింది. వెనక వరస కట్టారు. ఒకామె ఆపిలు, ఒకామె బాదం పప్పు. మైకును తిట్టుకుంటున్న ఆడవాళ్లంతా ఇప్పుడు నా వంతు నా వంతు అంటున్నారు. చివరికి కానిస్టేబులమ్మ కూడా పని మరొకరికి అప్పగించి వచ్చి, రెండు దోసిళ్లు పోసింది. అక్క ఆమె టోపీ జరిపి నుదుట బొట్టు పెట్టింది.

అప్పుడే మైకులో మా విమానం బయల్దేరుతోందని చెప్పారు.

"ఇంగ ఇద్దరు పోసేదున్నది, జర ఆగుమను" అంది అక్క.

మర్నాడు సూరత్‌లో, గల్లీ ఆడవాళ్లు గోడవారగా కూర్చుని చూస్తుండగా అక్క దేవుడి ముందు ముడి విప్పింది. పసుపు బియ్యంలోంచి ఖాక్రా పొట్లం, చాక్లెట్టు, ఆపిలు బయటపడ్డాయి. కుడుక ఒక్కటీ లేదు. తల్లిగారిల్లు లేదని దెప్పిన ఆమె మెడ చాచి చూసింది.

"కుడుకల్లేవు, ఖాక్రాలున్నయ్. గివన్ని ఎవలు పోసిండ్రే?"

అక్క మా ఆవిడను చెయ్యి పట్టి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"మా తల్లిగారోళ్లు" అంది. "మస్తు మంది ఉన్నరు."