జాయింట్ వీల్ ముందు బాపు ఫోటో

మా ఆయనకు ఫోటోల పిచ్చి. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. కరీంనగర్‌లో ఎగ్జిబిషన్ పెట్టారంటే జనం జాయింట్ వీల్ ఎక్కడానికి పోతారు, ఈయన దాని కింద మూడు కాళ్ల స్టాండు పాతడానికి పోతాడు. పాఠాలు చెప్పేది జూనియర్ కాలేజీలో, నేర్చుకునేది మాత్రం యూట్యూబ్‌లో. షట్టర్ అంటాడు, ఐఎస్ఓ అంటాడు, తిరిగే లైట్లను వెలుగు గీతలు చేస్తానంటాడు. ఇంట్లో మనిషి ముఖం మామూలుగా ఒక్క ఫోటో తియ్యమంటే మాత్రం, "గది ఎవలైన తీస్తరు, గండ్ల ఏమున్నది?" అంటాడు.

మొన్న ఎండాకాలం ఎగ్జిబిషన్‌కు మా నాన్నను, బాపును కూడా తీసుకుపోదామన్నది నేనే. బాపు సిరిసిల్లలో బతుకంతా సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మావైపు అట్లాగే అంటారు. ఆ చప్పుడుకు చెవులు పూర్తిగా పోయాయి. మా అమ్మ, అవ్వ పోయాక మా దగ్గరకు తెచ్చుకున్నాం. ఈమధ్య మతి కూడా తప్పుతోంది. పొద్దున తిన్న సంగతి సాయంత్రానికి గుర్తుండదు. ఒకసారి గేటు తీసి ఉంటే బయటికి నడిచి, నాలుగు గల్లీలు దాటిపోయాడు. అప్పటి నుంచి తాళం వేస్తున్నాం. తాళం వేసిన ప్రతిసారీ నా ప్రాణం ఉసూరుమనేది. నలుగురిలోకి తీసుకుపోతే ఆ ముఖం కొంచెం విప్పారుతుందని ఆశపడ్డాను.

పొద్దు కుంకే వేళకు మా ఆయన స్టాండు నిలిపి, లెన్సుకు నల్ల అద్దం బిగించాడు.

"షట్టర్ శానసేపు తెరిచి పెడ్త. తిరిగే జనమంత పొగ లెక్క మాయమైతరు. కదలకుంట కూసున్నోడొక్కడే నిలుస్తడు. మామను కూసోబెట్టు" అన్నాడు.

ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాం. సాంచాల షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని అక్కడందరూ పెదాలతో, చేతులతో మాట్లాడుకుంటారు. చిన్నప్పుడు బాపుకు సద్ది పట్టుకుపోయేదాన్ని కదా, నాకూ అబ్బింది. కదలొద్దని అరచెయ్యి చూపించాను. బాపు బుద్ధిగా తల ఊపి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూచున్నాడు. నేను మిర్చిబజ్జీలకు పోయాను.

తిరిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. మా ఆయన కెమెరా మీదికి వంగి ఉన్నాడు.

"బాపేడి?"

"గదే, కూసున్నడు గద!" అన్నాడు తలెత్తకుండానే. అట్లాంటి ఫోటో తీశాక దాన్ని శుభ్రం చేసుకోవడానికి కెమెరా మళ్లీ అంతసేపు తీసుకుంటుందట. దాని కోసం కాచుక్కూచున్నాడు.

"నీ కెమెరాల మన్నువడ! మనిషేడయ్యా?"

అప్పుడు తలెత్తాడు. ముఖం పాలిపోయింది.

కొలంబస్ ఓడ ఊయల దగ్గర, అప్పడాల దుకాణం దగ్గర, గాజుల కొట్ల మధ్య వెతికాం. తెల్ల అంగీ, తెల్ల దోతి అంటే ఆ జనంలో ఎందరు లేరు! మైకు గదికి ఉరికి బాపు పేరు చెప్పించాను. ఎక్కడున్నా గేటు దగ్గరికి రావాలని మూడుసార్లు చెప్పారు. నేను గేటు దగ్గర నిలబడి, వచ్చేస్తాడని నమ్మకంగా దారి చూస్తున్నాను. కాసేపటికి గుర్తొచ్చింది, ఆయనకు చెవులే వినపడవని. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే సామెతే అనుకున్నా, మైకు పెట్టి మరీ ఊదించాను. నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది.

గేటు దగ్గర కానిస్టేబుల్, "ఫోటో చూపియ్యుండ్రి మేడం, మావోళ్లకు పంపుత" అన్నాడు. మా ఆయన కెమెరాలో ఫోటోలు ఒక్కొక్కటే జరిపాడు. వెలుగు చక్రాలు, వెలుగు పూలు, ఆకాశం మీద నల్లటి నీడలు. చివరిది వచ్చింది. కుర్చీ కాళ్ల దగ్గర ఎవరో తిని పారేసిన మక్కకంకి కూడా స్పష్టంగా ఉంది. బాపు మాత్రం మధ్యలోనే లేచి వెళ్లాడు కాబట్టి ఉన్నాడంటే ఉన్నాడు, లేడంటే లేడు. ముఖం ఉండాల్సిన చోట జాయింట్ వీల్ లైట్లు కనిపిస్తున్నాయి.

"గిండ్ల మనిషేడి సార్?" అన్నాడు కానిస్టేబుల్.

తల తిప్పి చూశాను. గేటు బయట పెద్ద రోడ్డు, లారీలు, బస్సులు. హారన్ వినపడని మనిషి. నోరు తెరిస్తే మా ఆయనను ఏమంటానో నాకే భయమై, మళ్లీ లోపలికే పరుగెత్తాను.

జాయింట్ వీల్ వెనక రేకుల అడ్డం పక్కనుంచి పోతుంటే కాళ్ల కింద నేల అదిరింది. ఇంట్లో వాషింగ్ మిషన్ తిరుగుతుంటే బాపు దాని మీద చెయ్యి ఆనించి ఎంతసేపైనా నిలబడతాడు. చటుక్కున అది తట్టింది. రేకుల వెనక్కి తిరిగాను. పెద్ద జనరేటర్. దాని మీద అరచెయ్యి పెట్టి, కళ్లు సగం మూసి బాపు నిలబడి ఉన్నాడు.

"బాపూ!" అని పోయి భుజం పట్టుకున్నాను. ఆయన నన్ను చూసి నవ్వాడు. ఎంత చక్కటి నవ్వు!

"వచ్చినవా అమ్మా? నా డ్యూటీ అయిపోయింది, జర నువ్వు చూసుకో. నేను ఇంటికి వోవాలె. ఇంటికాడ చిన్నపిల్ల ఉన్నది, నేను పోకుంటె బువ్వ తినది."

మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు. ఆయనకున్న పిల్లను నేనొక్కదాన్నే.

నాదీ అటే దారని చేతులతో చెప్పాను. సరేనని ముందు నడిచాడు. పిల్ల ఆకలికి ఆగదని ఎంత వేగంగా నడిచాడంటే నేను ఉరకాల్సి వచ్చింది. గేటు దగ్గర మా ఆయనను కలుపుకుని ఆటో ఎక్కాం. దారంతా బాపు నా చెవిలో అరుస్తూ నా గురించి నాకే చెప్పుకొచ్చాడు. "శాన మొండిది. అవ్వ పెడితె తినది. నాతోనే తింటది."

ఇల్లు చేరాక చెప్పులైనా విడవకుండా గది గదీ వెతికాడు. నేను ఆయన వెనకే తిరిగాను. కంచంలో అన్నం పెడితే కూచోలేదు.

"పిల్ల తిన్నదా?" అని నన్ను అడిగాడు.

తిని పండుకున్నదని చేతులతో చెప్పాను. అప్పుడు కూచుని, మొదటి ముద్ద కలుపుకున్నాడు.