ఇద్దరు అప్పారావులు, ఒక జిప్ ఫైలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం దాకా మా పెదనాన్న నన్ను "మా ఇంజినీరమ్మ" అని పిలిచేవాడు. గాజువాకలో ఎవరికి ఏ సందేహం వచ్చినా "మా ఇంజినీరమ్మని అడుగుతాను" అనేవాడు. వాళ్ళ ఫ్రిజ్ పాడైనా నన్నే అడిగేవాడు, అది వేరే సంగతి. ఇప్పుడు ఆ పేరు పోయింది, కొత్త పేరొచ్చింది. అదేమిటో చెప్తాను గానీ, ముందు ఆ టీ గ్లాసులు కింద పెట్టండి. పోయినసారి నేనేదో చెప్తుంటే లలిత చీర మీద ఒలకబోసుకుంది.

మా ఆఫీసులో ఫొటో స్టూడియోల కోసం ఒక వెబ్‌సైట్ చేశాం. స్టూడియోవాళ్ళు పెళ్ళి ఫొటోలన్నీ జిప్ ఫైలు చేసి అందులో వేస్తారు. జిప్ అంటే ఏం లేదు, మూట. బట్టలన్నీ కుక్కి మూట కట్టినట్టు ఫొటోలన్నీ కుక్కి ఒకే ఫైలు చేస్తారు. మా సైట్ ఆ మూట విప్పి, ఫొటోలు వరసగా పేర్చి, ఆల్బమ్ తయారుచేసి లింకు చేతిలో పెడుతుంది. ఆ మూట విప్పే కోడ్ రాసింది సాక్షాత్తూ నేనే.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకున్నాను. మూటలో ప్రతి ఫొటో పేరుకీ ముందు దాని ఫోల్డర్ పేరు ఉంటుంది. ఎవరైనా గిట్టనివాళ్ళు ఆ ఫోల్డర్ పేరులో మెలిక పెట్టారనుకోండి, ఆ ఫైలు వెళ్ళి మా సర్వర్‌లో కూర్చోకూడని చోట కూర్చుంటుంది. అందుకని ఫోల్డర్ పేర్లన్నీ పీకేసి, ఒట్టి ఫొటో పేరు మాత్రం ఉంచి, అన్నిటినీ ఒకేచోట పరిచేలా రాశాను. మా మేనేజర్ మెచ్చుకుని మీటింగులో అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. నేను నెలరోజులు నేల మీద నడవలేదు.

మా చెల్లి దివ్య పెళ్ళి పోయిన నెల అయింది కదా, సింహాచలం కొండ కింద కళ్యాణమండపంలో. మా నాన్న లేరు కాబట్టి పెదనాన్నా పెద్దమ్మా పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారు. పెదనాన్నకి ఆటోనగర్‌లో లేత్ షాపు. ముప్ఫై ఏళ్ళు ఇనుము చెక్కిన చేతులతో ఆ రోజు పెళ్ళికొడుకు కాళ్ళు మెల్లిగా కడిగాడు. నేను పక్కనే ఉండి చూశాను, నాకు ఏడుపొచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన అడిగేది ఒకటే. "ఆ ఫొటో ఎప్పుడొస్తాదే? పెద్దది సేయించి మీ నాన్న ఫొటో పక్కన ఎట్టాల."

మనలో ఎవరి ఫొటోగ్రాఫర్ని వాళ్ళు తెచ్చుకోవడం అలవాటు కదా. మగపెళ్ళివారి కెమెరా పెళ్ళికొడుకు చుట్టూ తిరుగుతుంది, మన కెమెరా పెళ్ళికూతురి చుట్టూ తిరుగుతుంది. మధ్యలో ఆ కెమెరావాళ్ళిద్దరూ మోచేతులతో పొడుచుకుంటారు. నేను పెద్దరికం నెత్తినేసుకుని మన ఫొటోగ్రాఫర్ శంకర్‌కి ఫోన్ చేశాను. వాళ్ళ ఫొటోలు కూడా తెచ్చుకుని, రెండు వైపులవీ ఒకే జిప్ చేసి మా సైట్‌లో వెయ్యమన్నాను.

"మేడమ్, నాను ఇంకా సరిగా ఏరనేదు. తీసీవలసినవి కొన్నున్నాయి," అన్నాడు శంకర్.

"ఏరక్కర్లేదు. ఉన్నదున్నట్టు ఎక్కించెయ్. మిగతాది మా సైట్ చూసుకుంటుంది," అన్నాను నేను. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి.

శనివారం సాయంత్రం లింకు పెళ్ళి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఐదు నిమిషాల్లో దివ్య అత్తగారు ఎర్ర గుండెలు ఒక డజను పంపించి "కన్నుల పండుగగా ఉన్నాయమ్మా" అని రాశారు. పది నిమిషాల్లో పెదనాన్న ఫోన్.

"ఝాన్సీ, నానెక్కడున్నాను?"

"అదేమిటి పెదనాన్నా, ఇంట్లో లేవా?"

"ఇంటికాడే ఉన్నాను. ఫొటోల్లో ఎక్కడున్నానని అడుగుతన్నాను."

లింకు తెరిచి చూశాను. తొమ్మిది వందల ఫొటోలున్నాయి. పెళ్ళికొడుకు, పెళ్ళికొడుకు మేనమామలు, పెళ్ళికొడుకు స్నేహితులు, వాళ్ళ కూలింగ్ గ్లాసులు. మన వైపు మనిషన్నవాడు ఒక్కడు లేడు. దివ్య అక్కడక్కడ ఓ మోచెయ్యి, ఓ పూలజడ. కాళ్ళు కడిగే ఫొటోలో పెళ్ళికొడుకు పాదాలు గోళ్ళతో సహా స్పష్టంగా పడ్డాయి. పై నుంచి ఇత్తడి చెంబు పట్టుకున్న చెయ్యొకటి దిగింది. ఉంగరం చూసి గుర్తుపట్టాను, అది పెదనాన్న చెయ్యి. పెద్దమ్మకి ఆ చెయ్యి కూడా దక్కలేదు.

"సెయ్యొక్కటి ఉంచినారు," అన్నాడు పెదనాన్న. "మనందర్నీ కోసీసి సెయ్యొక్కటి ఉంచినారు. సారె డబ్బా కోపం ఇలగ తీర్సుకున్నారన్నమాట."

ఆ సారె డబ్బా సంగతి మీకు చెప్పలేదు కదూ. పెళ్ళికూతురితో పంపిన సారెలో పెద్ద కాజాల డబ్బా ఒకటి ఉంది. అత్తవారింట్లో ఇరుగుపొరుగు ముందు మూత తీస్తే సగం ఖాళీ. అత్తగారు దెప్పలేదు గానీ, "అన్నయ్యగారూ, కాజాలు దార్లో తరిగిపోయాయేమో" అని ఫోన్లో నవ్వారట. ఆ నవ్వు పెదనాన్నకి ముల్లులా గుచ్చుకుంది. తిన్నగా మిఠాయి కొట్టుకి వెళ్ళి ఆ కొట్టాయన్ని నలుగురిలో దులిపేశాడు. నేను పక్కనే నిలబడి, "ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మలేం పెదనాన్నా" అని వంత పాడాను.

"రేపు ఆళ్ళు మనింటికి బోజనానికి వస్తన్నారు కదా, అందరి ముందరా అడిగీస్తాను," అన్నాడాయన.

దివ్య ఆ ఇంట్లో అడుగుపెట్టి నెల కాలేదు. ఆదివారం మన హాల్లో లేచిన తగువు ఆదివారంతో పోదు, దాని వెనకాలే అత్తవారింటికి వెళ్ళి మకాం వేస్తుంది. ఫొటోలకి ఏదో అయిందని, అది మా సైట్ పనేనని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఆ మాటే చెప్పి ఉండాల్సింది. కానీ ఇంజినీరమ్మని కదా, నోరు రాలేదు.

"ఇంకా లోడ్ అవుతున్నాయి పెదనాన్నా. మనవాళ్ళ ఫొటోలు కొంచెం బరువు," అన్నాను.

ఆయన "మనోలు బరువే," అని ఫోన్ పెట్టేశాడు.

ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ సంచిలో వేసుకుని, పెద్దమ్మకి కూరలు తరిగి పెడతానని వంకపెట్టి వెళ్ళాను. వంకాయలు పక్కన పెట్టుకుని జిప్ తెరిచాను. లోపల రెండు ఫోల్డర్లు, ఆడపెళ్ళివారు, మగపెళ్ళివారు. రెండు కెమెరాలూ ఒకే కంపెనీవి, రెండూ ఒకటి నుంచే లెక్క మొదలుపెట్టాయి. మన మొదటి ఫొటో పేరూ 0001, వాళ్ళ మొదటి ఫొటో పేరూ 0001. నేను ఫోల్డర్ పేర్లు పీకేశాను కదా, ఇక తేడా ఏముంది? ముందు మనవాళ్ళు మూటలోంచి దిగి కూర్చున్నారు. తర్వాత దిగినవాళ్ళు అదే పేరు చెప్పి, మనవాళ్ళని లేపేసి ఆ కుర్చీల్లో కూర్చున్నారు. మనవి ఆరు వందలు, వాళ్ళవి తొమ్మిది వందలు, మనవాళ్ళలో ఒక్కరు కూడా మిగల్లేదు. చప్పట్లు కొట్టించుకున్న జాగ్రత్త చేసిన పని అది.

తల పట్టుకుని కూర్చుంటే వెనకాల పెదనాన్న. జాలరిపేట నుంచి వంజరం చేప తెచ్చినట్టున్నాడు, చేతిలో సంచి ఉంది.

"ఏటే, సిన్నబోయినావు?"

ఇక దాచలేకపోయాను. "వాళ్ళెవరూ కోసెయ్యలేదు పెదనాన్నా. నేనే," అని మొత్తం చెప్పేశాను, రెండు ఫొటోలకి ఒకే పేరుంటే రెండోది వచ్చి మొదటిదాన్ని తుడిచేసిందని.

ఆయన సంచి కింద పెట్టి శ్రద్ధగా విన్నాడు. "నా షాపులో ఇద్దరు అప్పారావులున్నారు కదా," అన్నాడు.

"ఉన్నారు."

"రెండో అప్పారావు పనిలోకొచ్చినాడని మొదటోడిని బయటకి తోసీసినానేటి? లేత్ అప్పారావు, వెల్డింగ్ అప్పారావు అని పిలుస్తన్నాను. పేరు ముందర ఆడి మిషను పేరు తగిలించినాను, అంతే కదా?"

నాలుగేళ్ళు ఇంజినీరింగ్ చదివి నాకు తట్టనిది ఆయనకి ఇద్దరు అప్పారావుల పుణ్యమా అని తట్టింది. పైగా ఆయనకి నా మీద కోపం కూడా లేదు. "అయితే ఆళ్ళు సెయ్యనేదన్నమాట," అని రెండుసార్లు అనుకుని, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, చేప పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

మూట ఇంకా సర్వర్‌లోనే ఉంది కాబట్టి బతికిపోయాను. పెదనాన్న చెప్పినట్టే కోడ్ మార్చాను. ఫోల్డర్ పేరులో మెలికలేమైనా ఉంటే తీసేసి, దాన్ని ఫొటో పేరు ముందు తగిలించి, మూట మళ్ళీ విప్పాను. ఒకసారి చూసుకుందామనుకునేలోపు వీధిలో కారు హారన్. దివ్యా, మరిదిగారూ, అత్తమామలూ, ఆడపడుచూ దిగారు. ఆ ఆడపడుచు పేరు కూడా ఝాన్సీయే. పెళ్ళిలో ఎవరు ఝాన్సీ అన్నా ఇద్దరం తిరిగేవాళ్ళం.

భోజనాలు బ్రహ్మాండంగా అయ్యాయి. అత్తగారు పులుసు రెండుసార్లు వేయించుకున్నారు. తర్వాత ఆల్బమ్ టీవీలో పెట్టాను. రిమోట్ పెదనాన్న చేతిలో.

మన ఫొటోలు ఒక్కొక్కటే వస్తున్నాయి. కన్యాదానం ఫొటో రాగానే ఆయన ఆపేశాడు. చెంబూ, చెయ్యీ, ఆ చేతి వెనకాల మొత్తం మనిషీ ఉన్నాడు. పక్కన పెద్దమ్మ, మధ్యలో తల వంచుకున్న దివ్య. లేచి టీవీ దగ్గరికి వెళ్ళాడు. గోడ మీదున్న మా నాన్న ఫొటో ఒకసారి చూసి, మళ్ళీ టీవీ చూసి, "బాగొచ్చినాది" అన్నాడు. నాకైతే ఆ క్షణాన ఇంత సంతోషం ఈ మధ్యకాలంలో ఎప్పుడూ కలగలేదనిపించింది. కళ్ళు తుడుచుకుని, పాయసం గిన్నెలు తెద్దామని వంటింట్లోకి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి టీవీ నిండా దివ్య మామగారు. మండపంలో ప్లాస్టిక్ కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. కింద ఫొటో పేరు పెద్ద అక్షరాల్లో ఉంది: ఆడపెళ్ళివారు_తీసేయాలి_0087.

శంకర్ పక్కన పెట్టిన చెత్త ఫొటోల ఫోల్డర్ అది. మన ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్. మొదటిసారి అవి కూడా మగపెళ్ళివారి ఫొటోల కింద పడి తుడిచిపెట్టుకుపోయాయి. ఇప్పుడు నా కొత్త కోడ్ పుణ్యమా అని ఒక్కటి కూడా పోకుండా, పేరుతో సహా, బయటికొచ్చాయి.

తర్వాతది అత్తగారు. పళ్ళ మధ్య నాలుగు పిన్నులు పెట్టుకుని ముడి సరిచేసుకుంటున్నారు. పెదనాన్న కళ్ళజోడు సవరించుకుని కింద ఉన్నది పైకి చదివాడు. "ఆడపెళ్ళివారు... తీసేయాలి."

"ఎవర్ని తీసేయాలి అన్నయ్యగారూ?" అన్నారు అత్తగారు.

"పెదనాన్నా, ఆ రిమోట్ ఇలా ఇయ్యి," అన్నాను.

"ఉండే, సూడనీ," అని ఇంకోటి నొక్కాడు.

అది గది లోపలి ఫొటో. వెనకాల సారె బుట్టలు. వాటి మధ్య నేల మీద పట్టుచీరలో నేను, ఒళ్ళో కాజాల డబ్బా. రెండు బుగ్గలూ నిండి ఉన్నాయి, పాకం గడ్డం మీదికి కారుతోంది, చేతిలో ఇంకో కాజా సిద్ధంగా ఉంది. పక్కన బుగ్గచుక్కతో సహా పెళ్ళికూతురు కూడా నములుతోంది.

మీ దగ్గర దాచడం ఎందుకు. ముహూర్తం ఆలస్యమైంది. దివ్య ఉపవాసం. కళ్ళు తిరుగుతున్నాయక్కా అంది. ఒక్కటి పెడదామని మూత తీశాను. అది తిన్నది రెండే.

అందరూ నా వైపు తిరిగారు. నేను పాయసం గిన్నెల వైపు చూశాను. అత్తగారు ముందు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు, తర్వాత ఇక ఆగలేక పగలబడి నవ్వారు. "అయితే దార్లో తరగలేదన్నమాట అన్నయ్యగారూ, గదిలోనే తరిగాయి." మామగారు నవ్వారు, మరిదిగారు నవ్వారు, దివ్య ఆయన వెనకాల దాక్కుని నవ్వింది. పెదనాన్న మాత్రం నవ్వలేదు.

"ఆ కొట్టాయన్ని నలుగుర్లో అన్ని మాటలన్నాను కదే. నువ్వు పక్కనుండి ఎవర్నీ నమ్మలేమన్నావు."

"అదొక్కటీ నిజమే చెప్పాను పెదనాన్నా," అన్నాను. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వుకి టీపాయ్ మీద గిన్నెలు కదిలాయి.

సాయంత్రం ఇద్దరం మిఠాయి కొట్టుకి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాం. ఆయన మంచివాడు, ఏమీ అనుకోలేదు. నిండు డబ్బా కొని, దార్లో అది నా చేతికివ్వకుండా పెదనాన్నే ఒళ్ళో పెట్టుకుని తెచ్చి వియ్యపురాలికి అప్పగించాడు. శంకర్‌కి ఫోన్ చేసి రెండు ఫొటోలు పెద్దవి చేయించమన్నాడు. ఒకటి కన్యాదానం. రెండోది ఏదో నేను అడగలేదు.

బయల్దేరే ముందు అత్తగారు హాల్లోంచి, "ఝాన్సీ, నా చెప్పులు ఎక్కడున్నాయో చూడమ్మా," అని పిలిచారు. మామూలుగానే ఇద్దరం లేచాం. పెదనాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"అలగ పిలిస్తే ఒకర్తి మీద ఒకర్తి పడిపోతారు సెల్లెమ్మా. ముందర ఫోల్డర్ పేరెట్టి పిలవాల," అని నా వైపు వేలు చూపించాడు. "ఇది కాజాల ఝాన్సీ."

అప్పట్నుంచి గాజువాకలో మా ఇద్దరి పేర్లూ ఒక్కసారి కూడా గుద్దుకోలేదు.